పొడిచిన కొమ్ముల దండ

పోయిన నెల ఒకనాడు పొద్దుగాల చాయ తాగుకుంట కూసున్న. ఫోను టింగుమన్నది. చూస్తే మా తమ్ముని కోడలు సౌమ్య ఊరికెల్లి ఒక ఫోటో పెట్టింది. పొగచూరి నల్లగైన తాడు, దానికి వేలంత వేలంత ఏవో ఎండిన ముక్కలు, నడుమ నడుమ గుడ్డపీలికలు. కింద రాసింది: "పాత వంటింటి పెంకలు తీపిస్తున్నం. దూలానికి ఇది కట్టి ఉన్నది. పని చేసేటోళ్లు చేతబడి అంటున్నరు. గోదాట్ల పడెయ్యాల్నా?" నాకొక్కదానికి పంపితే ఓ తీరుగ ఉండు. మా ఇంటోళ్లందరున్న గ్రూపుల పెట్టింది. నేను కండ్లద్దాలు ఎతుక్కొని చూసేలోపు ఆడ జాతరే మొదలైంది. ఒకలు దండాలు పెట్టే బొమ్మలు పెట్టిండ్రు. ఒకలు నిమ్మకాయ కోసి దిష్టి తియ్యుమన్నరు. ఇంజినీరు చదివిన మా పెద్దబాపు మనుమడు "చేతితోని ముట్టకుండ్రి, కట్టెతోని తియ్యుండ్రి" అని రాసిండు. సౌమ్య పెనిమిటి రమేశ్ మస్కట్ల ఉంటడు. వాడు, మా తమ్ముని కన్న కొడుకు, "గా ముసలామె ఉండె గదా మన ఇంట్ల, ఆమెదే అయ్యుంటది" అన్నడు. గా ముసలామె! అది చదివేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

గా ముసలామె మా మేనత్త. మా బాపుకు అక్క. పేరు నర్సవ్వ. మా అవ్వ పొలంకాడికి పోతే నన్ను, మా తమ్ముణ్ని ఎత్తుకొని సాకిన మనిషి. "దాన్ని ఎవలన్న ముట్టిండ్రో, మీ సంగతి చెప్త. నేను వస్తున్న" అని రాసి, చాయ సగం గిలాసల్నే ఇడిచిపెట్టి కరీంనగర్ బస్టాండుకు పోయిన. మోకాళ్ల నొప్పులని పెండ్లిళ్లకు గూడ పోనిదాన్ని, గా పొద్దు ధర్మపురి బస్సుల సీటు దొరకకున్నా ఎక్కి నిలబడ్డ. కండక్టరు పిలగాడు "కూసో పెద్దమ్మా, నడుమ పడతవు" అని తన సీటు ఇచ్చిండు. కోపంల ఉన్న ముసలిదానికి మోకాళ్ల నొప్పి ఉండదని వానికి తెల్వదు.

మా ఊరు ధర్మపురి దాటినంక గోదారి ఒడ్డుకు. నేను పొయ్యేసరికి వాకిట్ల ఆ దండ మీద గంప బోర్లిచ్చి, గంప మీద ఇంత రాయి పెట్టిండ్రు. "అదేమన్న పారిపోతదా, రాయి పెట్టిండ్రు?" అన్న. సౌమ్యకు నవ్వాల్నో వద్దో తెల్వలే. "పిల్లలు ముడుతరని, అత్తమ్మా" అన్నది. మంచి పిల్లనే. డిగ్రీ చదివింది. మొగడు దూరదేశం ఉంటే ఇల్లు, పొలం, ఇద్దరు పిల్లలు అన్నీ ఒక్కతే సంభాళిస్తది. కని భయం డిగ్రీని చూసి ఆగదు గదా. నేను రాయి తీసి, గంప ఎత్తి, దండను చేతులకు తీసుకొని ముక్కు కాడ పెట్టుకున్న. ముందుగాల పొగ వాసన. దాని కింద, శానా కిందికెల్లి, పసుపు ఉడికిన వాసన. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అది చూసి పెంకలు తీసేటోళ్లు ఇంకో అడుగు ఎనుకకు జరిగిండ్రు.

మా చిన్నప్పుడు మాఘమాసం వచ్చిందంటే ఊరు ఊరంతా గదే వాసన. పసుపు తవ్వంగనే అది పసుపు కాదు. మట్టి కడిగి, కొమ్ములు ఇరిచి, పెద్ద పెద్ద ఇనుప కడాయిలల్ల ఉడకబెట్టాలె. ఉడికినంక వాకిట్ల పరిచి పదిహేను రోజులు ఎండబెట్టాలె. తక్కువ ఉడికితే కొమ్ము లోపల సుద్దముక్క తీర్గ తెల్లగ ఉండిపోయి పురుగు పడుతది. ఎక్కువ ఉడికితే రంగు చెడుతది. ఏడాదంత చేసిన కష్టం ఆ కడాయిల ఎంతసేపు ఉంచినమన్నదాని మీద ఉంటుండె. కడాయి మీద పసుపాకులు కప్పి, వాటి మీద తడిపిన గోనెసంచులు పరిచి, కింద పత్తికట్టె మంట పెడితే లోపల ఏమైతుందో కండ్లకు కనవడది. గడియారం పెట్టుకొని చేసే పని గూడ కాదు. ఒక కడాయికి ఒక కడాయికి మంట తేడా, నీళ్ల తేడా. అందుకే ఊర్ల ఎవలి కడాయి పొయ్యెక్కినా మా నర్సవ్వత్తకు కబురు వచ్చేది. దించుమని చెప్పేటిది ఆమెనే.

ఆ చెప్పుడు చూడాలె. కడాయికి ఇరవై అడుగుల దూరంల, దానికి ఈపు పెట్టి కూసునేది. చేతుల ఏదో ఒక పని, చింతపండు గింజలు తీసుడో, చాటల బియ్యం ఏరుడో. నోటి నిండ ముచ్చట్లు. ఎవలి కోడలు ఎవలి మీద అలిగింది, ఎవలి బర్రె ఈనింది, అన్ని చెప్పుకుంట చెప్పుకుంట నడుమల మాట ఆపేది. ముక్కు జర పైకి లేపేది. అందరు సుత మాట బంద్ పెట్టేటోళ్లు. "ఇంకొంచెం" అని మల్ల బియ్యం ఏరేది. ఇంకో పావుగంటకు చాట కింద పెట్టి, కొంగు బిగిచ్చి లేచేదంటే అయిపోయినట్టే. కడాయి కాడికి పోయి ఒక మూలకు గోనె ఎత్తి, నడుమకెల్లి ఒక్క కొమ్ము తీసి చీపురుపుల్లతోని పొడిచేది. పుల్ల గీ దిక్కుకెల్లి ఆ దిక్కు మెత్తగ వెళ్లేది. "దించుండ్రి." గంతే. ఆ మాట అన్నంక ఎంత పెద్ద రైతు అయినా ఇంకొక్క నిమిషం ఉంచేటోడు కాదు. ఆమె ముక్కు ముందుగాల చెప్పేది, పుల్ల సాక్ష్యం పలికేది.

ఆ ముక్కును ఆమె కాపాడుకున్న తీరు చెప్తే ఇప్పుడు నవ్వుతరు. ఊర్ల ముసలామెలందరు నశ్యం పీలుస్తుండె, ఆమె ముట్టకపోయేది. పసుపు ఉడికే నెలరోజులు మా ఇంట్ల ఉల్లిగడ్డ కోసుడు మా అవ్వ వంతు, అది గూడ కొట్టంల కూసొని. మాకు వాసన నూనెలు బంద్, నెత్తిల మల్లెపూలు బంద్. మా బాపు బీడీ తాగాలంటే పెరటి దర్వాజ దాటి పోవాలె. "గీమె ముక్కు కాదు, ఇంట్ల పోలీసు" అని మా బాపు గొణిగేటోడు. కని ఎవలన్న బయటోళ్లు అక్క మీద జోకు వేస్తే ఊకునేటోడు కాదు.

పొడిచిన కొమ్మును మల్ల కుప్పల కలుపద్దని ఒక పద్ధతి ఉండె. బొక్క పడ్డది చెడుతది, పక్కదాన్ని చెడగొడుతది అనేటోళ్లు. దాన్ని మా అత్త కొంగున ముడేసుకొని తెచ్చి తాడుకు గుచ్చేది. కడాయికి ఒక్క కొమ్ము. ఒక ఇంటి కడాయిలు అయిపోతే ఆ ఇంటోళ్లను ఒక గుడ్డపీలిక అడిగి, ముడేసి, తర్వాతి ఇల్లు మొదలుపెట్టేది. ఆ దండను వంటింట్ల పొయ్యి మీద దూలానికి కట్టేది. ఏడాదంత అట్లనే పొగకు ఎండేది. మల్ల మాఘం రాకముందు దించి, మా అవ్వ, ఆమె కలిసి రోట్ల దంచి ఇంట్ల కూరలకు వాడేటోళ్లు. ఊరందరి ఇండ్ల పసుపు మా పప్పుల ఉండేది.

ఇంకో సంగతి చెప్పాలె, చెప్పకుంటే కథ సగమే తెలుస్తది. మా అత్త పెండ్లైన రెండేండ్లకే మామ పాము కుట్టి పోయిండు. ఆమె మా ఇంటికి తిరిగొచ్చింది. అప్పటిసంది ఆమె మొఖానికి పసుపు లేదు, నొసట బొట్టు లేదు. ఊర్ల పెండ్లి అయితే పసుపు దంచే కాడికి ఆమెను పిలువకపోయేటోళ్లు. ఆ పసుపు ఉడికిందని చెప్పింది ఆమె, దాన్ని ముట్టద్దని ఊరోళ్లన్నది గూడ ఆమెతోనే! పని కాడ పనికొచ్చిన చెయ్యి శుభం కాడ పనికిరాలే. చిన్నప్పుడు నాకు ఇది తెల్వలే. తెలిసినంక ఇప్పటిదాంక కోపం పోలే.

నాకు తొమ్మిదేండ్లో పదేండ్లో ఉన్నప్పటి మాట. ఆ యేడు పసుపు ఉడికే దినాలల్లనే అత్తకు పడిశం పట్టింది. తుమ్ములు, ముక్కుకారుడు. మిరియాల కషాయం తాగుకుంట, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకొని పోయేది. ఒక్క కడాయి గూడ ఇడిచిపెట్టలే. అదే నెలల మా ఊర్ల పెద్ద రైతు భూమన్న బిడ్డ పెండ్లి గూడ అయింది. భూమన్న మాకు సుట్టం కాడు, కని ఒక్క ఊరోళ్లం, వరసలు కలుపుకునేటోళ్లం. మా అత్తను చెల్లె అనేటోడు, ఆమె అన్నా అనేది. ఊరంతా వాళ్ల వాకిట్ల పందిరి కింద బంతుల కూసొని తిన్నది. లడ్డూలు నేను రెండు దాసుకొచ్చిన గూడ.

భూమన్న మంచి ధర వచ్చేదాంక అని పసుపు సంచులు అర్రల పెట్టి తాళమేసిండు. కార్తీకంల తీసి నిజామాబాదు మార్కెట్టుకు తీసుకపోతే బండ్లు బండ్లు అట్లనే మర్లొచ్చినయి. సంచి ఇప్పితే పొడి రాలుతుంది. పురుగు. ఆ సాయంత్రమే చావడి కాడ ఊరందరి ముంగట ఒక సంచి కుమ్మరిచ్చి మా అత్తను పిలిపిచ్చిండు. నేను మా బాపు ఏలు పట్టుకొని పోయిన. భూమన్న అరిచేటోడు కాదు. మెల్లగనే అడిగిండు. "చెల్లె, కడాయిలన్ని నువ్వే దింపిపిస్తివి గదా?"

"నేనే, అన్నా."

"నీకు అప్పుడు పడిశం ఉండె గదా?"

"ఉండె."

"మరి గీ పురుగు ఎందుకు పడ్డదంటవు? ఉడకకుంటెనే గదా పడేది. ముక్కు పనిచేయనప్పుడు చేయలేదని చెప్పాలె, చెల్లె. నేను ఇంకోల్లను పిలుచుకుందును."

మా అత్త వంగి ఒక కొమ్ము తీసి చూసింది. చేతులల్లనే నుసి నుసి అయింది. "నాకు వాసన వచ్చింది, అన్నా" అన్నది. ఆ నుసి కొంగుకు తుడుసుకుంట, "వచ్చిందనే అనుకున్న" అన్నది. ఆ రెండో మాట ఆమె కొంప ముంచింది. ఎనుకకెల్లి ఎవలో గొణిగిండ్రు, "ముండమోపి చెయ్యి పసుపుకు తగిలితే గిట్లగాక ఎట్లైతది" అని. మా బాపు ఎనుకకు తిరిగి "ఎవడ్రా వాడు?" అని ఎగిరిండు. అత్త ఆయన రెక్క పట్టి ఇంటికి గుంజుకొచ్చింది. ఇంట్లకు వచ్చినంక ఏడువలే, తిట్టలే. పొయ్యి కాడ కూసొని "భూమన్న అన్నది గలత్ ఏం కాదురా, పడిశం ఉండె గదా" అన్నది.

ఊరోళ్లు అనుమానపడుడు ఒక బాధ. తనమీద తనకే అనుమానం పుట్టుడు ఇంకో బాధ. రెండోదే ఆమెను తిన్నది. పప్పు పొయ్యి మీద ఉంటే మా అవ్వను పిలిచి "మాడుతుందా చూడు" అని అడుగుడు మొదలైంది. అంతకుముందు పక్కింట్ల పప్పు మాడితే గోడ మీదికెల్లి చెప్పిన మనిషి! ఒకనాడు నన్ను పిలిచి, "పిల్లా, నేను కండ్లు మూసుకుంట, నువ్వు ఏమన్న తెచ్చి ముక్కు కాడ పెట్టు" అన్నది. ధనియాలు పెట్టిన. చెప్పింది. గాసునూనె గుడ్డ పెట్టిన. చెప్పింది. తడిమట్టి, తులసాకు, మా తమ్ముని అంగీ, అన్నీ బరాబర్ చెప్పింది. నేను చప్పట్లు కొట్టిన. ఆమె మొఖంల ఎలుగు రాలే. "ఇప్పుడు వస్తనే ఉన్నది, బిడ్డా. అప్పుడు వచ్చిందో రాలేదో ఎవలు చెప్పాలె?" అన్నది. గప్పుడే కబురొచ్చింది, రాబొయ్యే పసుపుకు భూమన్న మెట్‌పల్లి దిక్కుకెల్లి ఎవలో మనిషిని పిలిపిస్తుండట. మిగిలిన ఇండ్లోళ్లు గూడ ఆయన్నే అడుగుదమనుకుంటున్నరట. అత్త విన్నది. చాట తీసుకొని బియ్యం ఏరవట్టింది.

మాఘం దగ్గరికొచ్చింది. దండ దంచాలె. అత్త లేవలే. మా అవ్వనే ఎక్కి దండ దించి, రోలు కాడ కూసొని, ఒక్కొక్క కొమ్ము గుంజి రోట్ల వేస్తుంది. రోకలి పోటు పడ్డదో లేదో ఒక కొమ్ము ఖంగుమని ఎగిరి గోడకు తాకింది. మా అవ్వ దాన్ని తీసి చూసి, తాడు చూసి, పీలిక చూసింది. ఎర్రంచు దోతి పీలిక. మా అవ్వ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆనాడు మాత్రం రోలు కాడికెల్లే కేకేసింది. "వదినె, ఓ వదినె! జర గిటు రా. గిది భూమన్నోళ్లది గదా? పురుగేది మల్ల దీనికి?"

అత్త వచ్చింది. ఆ కొమ్మును అటు తిప్పి ఇటు తిప్పి చూసి, రాయితోని ఒక్కటి కొట్టింది. రెండు ముక్కలైంది. లోపల ఎర్రటి పసుపు, బర్రెకొమ్ము అరగదీసినట్టు మెరిసింది. ఇంకోటి కొట్టింది. అదీ గంతే. తర్వాత మిగిలిన దండ భుజాన ఏసుకొని, చెప్పులు గూడ తొడుక్కోకుంట, మిట్టమధ్యాహ్నం నడి బజార్లకెల్లి భూమన్న ఇంటికి నడిచింది. ఎనుక మా అవ్వ, ఆ ఎనుక నేను. బజార్ల దర్వాజలన్ని తెరుసుకున్నయి.

భూమన్న అప్పుడే అన్నం తిని చెయ్యి కడుక్కుంటుండు. ఆయన పెండ్లాం లచ్చవ్వ గడప కాడ నిలబడ్డది. "అన్నా, మీ అర్రల పోయినేటి విత్తనాల మిగిలిన పచ్చికొమ్ము ఒకటుంటే ఇయ్యి. పురుగు పడ్డ సంచిల కెల్లి ఇంకోటి ఇయ్యి" అన్నది అత్త. ఆయనకు సమజు కాలే, కని ఇచ్చిండు. అత్త వాకిట్ల కూసొని ముందుగాల ఆ ఉడకని కొమ్మును కొట్టింది. లోపల తెల్లగ సుద్ద. "ఇది ఉడకంది." దండల కెల్లి గుంజి ఇంకోటి కొట్టింది. "ఇది నీ కడాయిది. నేను పొడిచింది. బొక్క చూడు."

భూమన్న తక్కువోడు కాదు. "పొయ్యి మీద ఏడాది ఎండితే ఏదైనా గట్లనే గట్టిపడుతది గదా, చెల్లె" అన్నడు.

"పొయ్యి పొగ ఎండబెడుతది. ఉడకబెట్టది. సరే, దండను ఇడిచిపెట్టు. నీ సంచిలదే చూద్దం." పురుగు పడ్డ కొమ్మును కొట్టింది. మీద పొడి రాలింది. బొక్కలు పడ్డది పడంగ నడుమ మిగిలిన కండ ఎర్రగ, గట్టిగ, దండల దాని తీర్గనే మెరిసింది. అత్త ఆ మూడు ముక్కలు ఆయన అరచేతుల పెట్టింది. "నీ సంచిలదాంట్ల సుద్ద ఏడున్నది, చూపెట్టు."

ఆయన ఆ ముక్కను ఎలుగుకు పట్టి తిప్పి చూసిండు. చూపెట్టనీకె లేదు.

"ఉడికింది, అన్నా. బరాబర్ ఉడికింది. ఎండలే. పచ్చి మీద సంచిల పడ్డది" అన్నది అత్త.

"పదిహేను దినాలు ఎండలే?" అని ఆయన అంటుండంగనే గడప కాడికెల్లి లచ్చవ్వ "ఎండలే" అన్నది. అందరం అటు తిరిగినం. ఆమె కొంగు నోట్ల కుక్కుకొని, మల్ల తీసి చెప్పింది. "ఏడొద్దులకే ఎత్తిపిచ్చిన. పందిరి ఏడ ఏసేది మల్ల? నువ్వు పెండ్లి పిలుపులకు పోతివి. వాకిలి నిండ పసుపే ఉండె. సంచులల్ల పోసి అర్రల పెట్టిపిచ్చిన. పెండ్లైనంక మల్ల ఎండబెడుదమనుకున్న. బిడ్డ అత్తగారింటికి పోయినంక ఏడుపుల పడి మర్శిన."

"మరి చావడి కాడ నేను గంతమందిల అన్ననాడు?"

"గప్పుడు యాదికొచ్చింది. నోరు రాలే."

మా అవ్వ పండ్లు కొరుకుతుంది. నేనైతే లచ్చవ్వను మా అత్త జుట్టు పట్టి గుంజుతదని చూస్తున్న. అత్త ఆమె దిక్కు చూడనే లేదు. నేలమీది పసుపు ముక్కల దిక్కు చూసుకుంట "నా ముక్కు తప్పలే" అన్నది. ఎవలితోనో కాదు, తనతోని తనే. "పడిశంల గూడ తప్పలే." తర్వాత లచ్చవ్వను చూసి, "జరన్ని మంచినీళ్లియ్యి, లచ్చవ్వా. ఎండల నడిచొచ్చిన" అన్నది. లచ్చవ్వ ఉరికి చెంబు నిండ తెచ్చి ఇచ్చింది. అత్త గటగట తాగింది.

తిరిగొచ్చేటప్పటి నడక నేను సచ్చేదాంక మర్వ. ఒక్కొక్క ఇంటి ముంగట ఆగి ముక్కు లేపుడు, చెప్పుడు. "గీ ఇంట్ల చింతపులుసు పొంగి పొయ్యిల పడ్డది. గీ ఇంట్ల జొన్నరొట్టె ఒకటి మాడింది. మల్లయ్య పెండ్లాం మెంతులు ఏంచుతుంది. గీ పిలగానికి రెండొద్దులసంది స్నానం లేదు." నేను పడి పడి నవ్వుతున్న. మా అవ్వ నవ్వుకుంట కండ్లు తుడుసుకుంటుంది. మూడు నెలలసంది మా ఇంట్ల ఆ నవ్వు లేదు.

పొద్దుగూకే యాలకు భూమన్న పెరటి దర్వాజకెల్లి మా ఇంటికి వచ్చిండు. చేతుల కొత్తచీరె, ఆకుపచ్చది, పొట్లం కట్టి. మా బాపు, అవ్వ, అత్త, నేను ఉన్నం. "చెల్లె, తప్పైంది. గిది తీసుకో. అన్న ఇచ్చిండనుకో" అన్నడు. మా బాపు గూడ మెత్తబడ్డడు. అత్త చీరె ముట్టలే.

"అన్నా, ఆ మాట ఏడ అన్నవు?"

"చావడి కాడ."

"ఎంతమంది ఉండిరి?"

"ఊరంత ఉండె."

"మరి గీడ మనం ఐదుగురమే ఉన్నం" అన్నది అత్త. "ఆడన్న మాట గీడ తీస్తే తీసినట్టు ఎట్లైతది? అన్న కాడనే తియ్యి. చీరె తర్వాత సంగతి."

భూమన్న పొట్లం చంకల పెట్టుకున్నడు. "ఇంటి ఆడిదాని పేరు చావడిల పెట్టాల్నా, చెల్లె?" అన్నడు. మా అత్త ఏమన్నదో వినుండ్రి. "లచ్చవ్వ పేరెందుకు? ఇల్లు నీది, సంచి నీది, మాట నీది. నీ పేరు చెప్పు." నేను బడిల ముప్పై ఏండ్లు పాఠాలు చెప్పిన. ఎంతోమంది పెద్దోళ్లను చూసిన. ఇంత మర్యాదగ, ఇంత గట్టిగ న్యాయం అడిగిన మనిషిని ఇంకొకరిని చూడలే.

భూమన్నను గూడ మెచ్చుకోవాలె. మూడోనాడు డప్పు కొట్టిచ్చి చాటింపు ఏపిచ్చిండు. ఊరంత చావడి కాడికి వచ్చింది. ఆయన రుమాలు తీసి భుజాన ఏసుకొని నిలబడ్డడు. "పసుపు చెడగొట్టింది నేను. ఎండకముందు ఎత్తుకున్న. నర్సవ్వ దింపిపిచ్చిన కడాయిలు ఒక్కటి గూడ తప్పలే. నేను అనరాని మాటన్న, అన్న కాడనే ఎనుకకు తీసుకుంటున్న" అన్నడు. ఎనుక దిక్కు చూసి, "చెయ్యి మంచిది కాదన్నోళ్లు గూడ వినుండ్రి. నా బిడ్డకు పెండ్లినాడు రాసింది నర్సవ్వ ఉడికిపిచ్చిన పసుపే. నా బిడ్డకు ఇప్పుడు నెల తప్పింది. సల్లగున్నది" అన్నడు. ఎవలూ గొణగలే. అత్త లేచి ఆయన చేతులకెల్లి చీరె తీసుకున్నది. "రేపు మొదలు ఎవలి కడాయి?" అని అడిగింది. నలుగురు ఒక్కసారే "మాది" అన్నరు.

ఆ తర్వాత రెండేండ్లకే నన్ను కరీంనగర్ల హాస్టల్ల ఏసిండ్రు. చదువు, నౌకరి, పెండ్లి, పిల్లలు. సెలవులకు వచ్చిన కని పసుపు ఉడికే దినాలల్ల మల్ల ఎన్నడూ ఊర్ల లేను. అత్త సచ్చిపోయిననాడు వచ్చిన. ఆ యేడు దండ దంచనీకె ఆమె లేకపాయె. మా అవ్వకు దించబుద్ధి కాక దూలానికే ఉంచింది. ఆనక మా అవ్వ గూడ పోయింది. దండ అట్లనే ఉన్నది.

ఇప్పుడు మా ఊర్ల పసుపు ఉడికిచ్చే మిషన్ ట్రాక్టరు ఎనుక కట్టుకొని వస్తది. ఆవిరితోని గంటలోపు అయిపోతది, కూత పెడుతది, దించుతరు. మంచిదే. మంటల కాడ ఆడోళ్ల కండ్లు పాడయ్యే బాధ తప్పింది. నేను పాతదే బంగారం అనే మనిషిని కాను. కని కొమ్ము తప్పైతే మిషన్‌ను ఎవలూ చావడికి పిలువరు, దాని చెయ్యి మంచిదో కాదో అడుగరు. ఒక మనిషి ఊరంత పంటకు తన ముక్కును జామీను పెట్టుడు ఎంత బరువో ఇప్పటోళ్లకు చెప్పినా ఎక్కదు.

ఇదంత వాకిట్ల కూసొని సౌమ్యకు చెప్పిన. దండల కెల్లి ఒక కొమ్ము గుంజి రాయితోని కొట్టిన. ఖంగుమన్నది. మీద మసి, లోపల ఆనాటి రంగే. సౌమ్య ఆ ముక్క తీసుకొని వాసన చూసి, నాలుక మీద పెట్టుకొని చూసింది. "పొద్దుగాల్నే పడేపిచ్చేదాన్నే, అత్తమ్మా. తప్పైంది" అన్నది.

"ఆ మాట ఏడ అన్నవు?"

"గ్రూపుల."

"ఎంతమంది ఉన్నరు?"

"నలభై మంది ఉండచ్చు" అన్నది, అప్పటికే నవ్వుకుంట.

"మరి గీడ మనం ఇద్దరమే ఉన్నం."

ఆ పిల్ల వెంటనే ఫోను తీసి, ఇరిగిన కొమ్ము ఫోటో కొట్టి, నోటితోనే చెప్పి పంపింది. "ఇది చేతబడి కాదు. మా నర్సవ్వ ముత్తవ్వ ఊరంతటికి పసుపు ఉడికిపిచ్చిన లెక్క. తెల్వక అన్న. అందరు వినుండ్రి." కొద్దిసేపటికి మస్కట్ కెల్లి రమేశ్ నాకొక్కదానికే "సారీ అత్తా" అని పంపిండు. "గ్రూపుల పెట్టు బిడ్డా" అని రాసిన. పెట్టిండు.

సౌమ్య దండను తుడిచి, కొత్త వంటింట్ల ఏడ కట్టాల్నో అని చూసుకుంట, ఆగింది. "అత్తమ్మా, కడాయికి ఒక్క కొమ్మే అంటిరి గదా. ఇవి రెండు రెండు జంటగ గుచ్చి ఉన్నయేంది?" అన్నది. నేను కండ్లద్దాలు సరిచేసుకొని చూసిన. నిజమే. ఏ ఇంటి పీలిక కాడ చూసినా కొమ్ములన్ని జంటలు జంటలే. రెంటికీ బొక్కలు. నేను ఇరగ్గొట్టిందాని జంట ఇంకా తాడుకే ఉన్నది. దాని పక్కన భూమన్నోళ్ల పీలిక, ఈసారి ఎర్రంచు దోతిది కాదు, ఆకుపచ్చది, భూమన్న ఇచ్చిన ఆ చీరె అంచుదే.

చావడి కాడ ఊరంత విన్నది, ఆమె విన్నది, చీరె తీసుకున్నది. అయిపోయిందనుకున్నం మేమందరం. ఆమె మాత్రం కడాయికి రెండు పొడుసుడు మొదలుపెట్టింది. ఒకటి ఇరగ్గొట్టి చూపెట్టనీకె, చూపినంక గూడ నమ్మనోళ్లు వస్తే ఇంకోటి. పాణం పొయ్యేదాంక గట్లనే కట్టింది. ఊర్ల ఒక్కలు గూడ ఆమెను మల్ల అడగలే. ఇన్నేండ్లకు అడిగింది మేము, ఆమె సాకిన ఇంటోళ్లం.